ఆగాకర తోటలో పైడమ్మ అడిగిన మాట

అనగా అనగా కొండల దిగువన ఒక పల్లె. అక్కడ గవరయ్య, పైడమ్మ అనే ఆలుమగలు ఆగాకరకాయలు పండించేవారు. ఆగాకరలో మగపాదు వేరు, ఆడపాదు వేరు. తుమ్మెదల మీద భారం వేసి కూర్చోకుండా గవరయ్య పొద్దున్నే మగపువ్వు తెంపి, ఆడపువ్వులకు స్వయంగా పుప్పొడి అద్దేవాడు. తోట విరగకాసేది.

ఇంట్లో మాత్రం ఊయల కట్టలేదు.

అత్త నూకాలమ్మ మొదట కోడలికి చేదు కషాయాలు పట్టించింది. తరువాత ఉపవాసాలు చేయించింది. పైడమ్మ చిక్కి సగమైంది గానీ కడుపు పండలేదు. చివరికి కోడలి బట్టలు మూట కట్టి, "పుట్టింటికెళ్లి ఉండమ్మా. మావాడికి మరో సంబంధం చూస్తాను" అంది. ముసలమ్మకు కోడలి మీద కోపం లేదు, మనవల మీద ఆశ. ఆశకు కళ్లు మూసుకుపోతే కోపంకన్నా ఎక్కువ గాయం చేస్తుంది మరి.

పైడమ్మ మూటతో తిన్నగా తోటకు వచ్చింది.

"మావా, పిందె నిలవకపోతే ఆడపాదు పీకేస్తావా?"

"ఎందుకు పీకుతాను? ముందు మగపువ్వులో పుప్పొడి ఉందో లేదో చూస్తాను."

"మరి ఇంట్లో ఎందుకు చూడలేదు?"

ఇన్నాళ్లూ మందులన్నీ ఆమే మింగింది. గవరయ్యను ఎవరూ పరీక్ష చేయించుకోమనలేదు, తానూ ఆ ఆలోచన చేయలేదు. సిగ్గుతో తల వాల్చేశాడు.

మూట తిరిగి ఇంటికి చేర్చి, ఆ పూటే ఇద్దరూ పట్నం వైద్యురాలి దగ్గరకు వెళ్లారు. ఆమె ఇద్దరినీ పరీక్షించింది.

"అమ్మాయికి ఏ లోపమూ లేదు. నాయనా, నీ వీర్యంలో బీజాలు కొద్ది, వాటికి కదలిక తక్కువ. చురుకైనదాన్ని ఏరి, ఈమె నుంచి తీసిన అండంలో సన్నని సూదితో నేనే చేర్చి, ఆ పిండాన్ని ఈమె కడుపులో పెడతాను. నిలవవచ్చు, నిలవకపోనూవచ్చు."

మొదటిసారి నిలవలేదు. రెండోసారి నిలిచినట్టే నిలిచి జారిపోయింది. పైడమ్మ ఏడ్చింది, పక్కన కూర్చుని గవరయ్యా ఏడ్చాడు. సంగతి తెలియని నూకాలమ్మ మాత్రం ఇరుగుపొరుగు ముందు కోడలిని గొడ్రాలంది.

గవరయ్య అందరి ఎదుటా లేచి నిలబడ్డాడు. "అమ్మా, లోపం నాది. దీన్నేమీ అనకు."

మూడోసారి పట్నానికి కోడలి చెయ్యి పట్టుకుని నూకాలమ్మే వెంట నడిచింది. ఈసారి కడుపు నిలిచింది, నెలలు నిండాయి, బంగారంలాంటి ఆడపిల్ల పుట్టింది.

బారసాలకు వచ్చిన అమ్మలక్కలు, "కోడలికి ఏ మందు పోశావు, నూకాలమ్మా?" అని గుచ్చి గుచ్చి అడిగారు.

"నేను పోసిన మందులు దాన్ని ఏడిపించాయంతే" అంది నూకాలమ్మ, మనవరాలిని ఎత్తుకుంటూ. "ఎవరికైనా పిల్లలు లేకపోతే ముందు ఇద్దరినీ వైద్యురాలికి చూపించండి."

లోపం ఎవరిదైనా కావచ్చు; దాన్ని దాచక ఒప్పుకున్న చోటే దారి కనబడుతుంది.