ఏడువందల యాభై వాట్ల బరువు

"ఉస్తాద్, ఎంత పవర్ ఉంటే చాలు?"

కర్నూలులో కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్‌వలీని ఆయన శిష్యురాలు ఓబులేశ్వరి ఈ ప్రశ్న మూడు రోజుల్లో నాలుగుసార్లు అడిగింది. ఆయన ఒక్కసారీ జవాబు చెప్పలేదు. అడిగినదానికి బదులివ్వకుండా ముక్కు మీద కళ్లజోడు సర్దుకునే పెద్దమనుషులకు మనకు కొదవలేదు. తెలియనితనాన్ని కప్పుకోవడానికి గాంభీర్యమంత మంచి దుప్పటి ఇంకోటి లేదు. ఖాదర్‌వలీది ఆ జాతి మౌనం కాదని ఓబులేశ్వరికి తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం రాకుండా ఉంటుందా?

ఆమె అడగడానికి కారణం ఉంది. వినికిడి లేని పిల్లల బడిలో లెక్కలు చెప్పే సలోమి టీచర్, పదో తరగతి పరీక్షలకు పదకొండు రోజులుండగా, సైగలతో చెప్పిన పాఠాలను వీడియోలు చేసి ఊళ్లకు వెళ్లిపోయిన పిల్లలకు పంపాలి. ఆ పిల్లలకు సైగలతో లెక్క చెప్పేవాళ్లు వాళ్ల ఊళ్లలో ఎవరున్నారు? బడి కంప్యూటర్ చూస్తే ముసలిది, ఒక్క పాఠానికి ఒక పూట తింటోంది. ఎవరో దాత వీడియోల పనిని వేగంగా చేసే కొత్త గ్రాఫిక్స్ కార్డు ఇచ్చారు. దానికి పాత ఎస్‌ఎంపీఎస్ చాలదు. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేట్టు మార్చి పంచిపెట్టే ఇనుప డబ్బా. కొత్తది ఎంచే పనిని ఖాదర్‌వలీ ఓబులేశ్వరికి అప్పజెప్పాడు. ఆమె తనంతట తాను చేయబోయే మొదటి పని.

ఎంచడమంటే మాటలా! కార్డు పెట్టె మీద ఐదువందల యాభై వాట్లని ఉంది. ఇంటర్నెట్‌లో లెక్క వేస్తే నాలుగువందలు చాలని వచ్చింది. అంగడివాడు ఏడువందల యాభైకి తక్కువ మాటే ఎత్తలేదు. సలోమి టీచర్‌ది ఇంకో భయం.

"మా అమ్మకు పవర్ ఎక్కువ మాత్ర వేస్తే కళ్లు తిరిగి పడిపోయింది. దీనికి ఇన్నాళ్లూ మూడువందలదే కదా, ఒక్కసారిగా ఇంత ఇస్తే తట్టుకుంటుందా పాపా?"

"ఇది మాత్ర కాదు టీచర్, కడవ. ఎంత పెద్ద కడవ ఉన్నా దప్పికైనంతే తాగుతాం" అని ఓబులేశ్వరి ధైర్యం చెప్పింది. చెప్పాక, కడవలో నీళ్లున్నాయో లేదో పైనుంచి ఎట్లా తెలుస్తుందని తనకే గుబులు పట్టుకుంది.

చివరికి ఏడువందల యాభైదే తెచ్చి, ఉస్తాద్ షాపులో బడి కంప్యూటర్‌కు బిగించింది. మొదటి పాఠం పావు వంతు తయారయ్యేసరికి కంప్యూటర్ ఠపీమని ఆరిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే. మూడోసారీ అంతే. సలోమి టీచర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. వేళ్లు విరుచుకుంటూ స్టూలు మీద కూర్చుంది. నాలుగు తిట్లు తిట్టినా ఓబులేశ్వరికి అంత బాధ ఉండేది కాదు.

"ఈ డబ్బానే ఎందుకు తెస్తివి?" అన్నాడు ఖాదర్‌వలీ.

"బరువుంది ఉస్తాద్! మంచిదైతే చేతికి బరువు తగుల్తాదని మీరే చెప్తిరి కదా."

నిజమే. ఆ పనివాళ్ల అలవాటే అది. సంతలో గుమ్మడికాయను చూసినట్టు డబ్బాను అరచేతిలో ఎత్తి చూస్తారు. లోపల రాగిచుట్టలు, వేడిని లాగే లోహపు రేకులు నిండుగా ఉంటే బరువు. బోలుగా ఉంటే తేలిక.

"విప్పు."

ప్లగ్గు పీకి, లోపల మిగిలిన కరెంటు చచ్చేదాకా ఆగి, మూత విప్పింది. చిన్న రాగిచుట్ట, బొటనవేలంత రేకు. మిగతా చోటులో జిగురుతో అతికించిన ఇనుపదిమ్మ. ఒక్క తీగ తగలదు, ఒక్క పని చెయ్యదు. సభల్లో ముందు వరసన కూర్చునే ఘనుల్లాగా ఊరికే బరువుగా ఉంది.

ఓబులేశ్వరికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీ మాట విని మోసపోతిని."

"నా మాట నువ్వొక్కదానివే వింటివనుకున్నావా? ఇది చేసినోడూ విన్యాడు."

ఆ మాట అని, ఆయన తన బల్ల మీద నడుస్తున్న సొంత కంప్యూటర్‌ను ఆపాడు. నాలుగేళ్లుగా రోజంతా నడిచే యంత్రం అది. దానిలోని డబ్బాను ఊడదీసి ఓబులేశ్వరి చేతికిచ్చాడు. పైన ఐదువందల యాభై అని రాసి ఉంది. చేతికి తేలిగ్గానే తగిలింది.

సలోమి టీచర్ ఆపుకోలేకపోయింది. "ఏడువందల యాభైదే తట్టుకోలేదు సార్, ఇదేం తట్టుకుంటుంది?"

"ఏమో టీచరమ్మా" అన్నాడాయన.

బిగించారు. పావు వంతు దాటింది. ఫ్యాను హోరెత్తింది. సగం దాటింది. ముగ్గురిలో ఎవరూ కదలలేదు. తెర మీద సలోమి టీచర్ చేతులు త్రికోణం గీసి, భుజాలు లెక్కపెట్టి, జవాబు చూపించి, నమస్కారం పెట్టి ఆగాయి. పాఠం పూర్తయింది. స్టూలు మీదున్న టీచర్ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది, అద్దాలకేమీ కాకపోయినా.

ఓబులేశ్వరికి మాత్రం ఊరట కలగలేదు. తల మరింత చిక్కుపడింది.

"అంకెను నమ్మొద్దు. బరువును నమ్మొద్దు. మీ మాట కూడా నమ్మొద్దు. మరి ఏం చూసి ఎంచాల ఉస్తాద్?"

ఖాదర్‌వలీ టీచర్ వైపు తిరిగాడు. "ఇంకా ఎన్ని పాఠాలున్నాయమ్మా?"

"పద్నాలుగు సార్."

"ఒకదాని ఎనక ఒకటి పెట్టు, ఓబులేశ్వరీ. నడుమ ఆపొద్దు. పద్నాలుగూ అయినంక ఆ మాట నన్నడగొద్దు, ఆగిందో నడిచిందో ఆ డబ్బానే అడుగు."