మల్లె తల్లి కడుపులో ఉన్న ఎండాకాలం

మఠంలో ఆవుల బాధ్యత మరుళయ్యది. పాలు తగ్గినా, దూడ నలతపడినా అందరూ ముందు అతన్నే అడుగుతారు. అందుకే మల్లె అనే పెయ్య సంగతి అతనికి మనసులో ముల్లులా ఉండిపోయింది. దాని ఈడు పెయ్యలన్నీ ఈని పాలు ఇస్తున్నాయి. ఇది ఎదకు వస్తుంది, సూది వేయిస్తే మాత్రం చూలు నిలవదు.

మొన్న పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, "దీని తల్లి చూడితో ఉన్నప్పుడు మంచి ఎండాకాలమా?" అని అడిగింది. కడుపులో ఉండగా తల్లి ఎండకు అల్లాడితే, కొన్ని దూడలు పెద్దయ్యాక చూలు కట్టడానికి కష్టపడతాయని కూడా చెప్పింది. పుట్టకముందు సంగతి ఇప్పుడెందుకని మరుళయ్య చెవిన పెట్టలేదు.

పశువుల బేరగాడికి కబురు పెట్టాడు. వాడు మిట్టమధ్యాహ్నం వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. మరుళయ్య గురువుగారు ఉండే గడ్డికప్పు కొట్టంలోకి వెళ్లాడు. గురువు చెన్నబసవయ్య బాగా పెద్దాయన. వేసవిలో ఆ చల్లటి కొట్టం దాటి బయటకు రాడు.

"అయ్యగారూ, మల్లెను బేరగాడికి ఇచ్చేద్దామనుకుంటున్నా. అది గొడ్డుమోతుది."

"అతను దాన్ని ఎక్కడికి తోలుకుపోతాడు?"

మరుళయ్య తల దించుకున్నాడు. ఎక్కడికో ఇద్దరికీ తెలుసు.

పెద్దాయన చేతికర్ర అందుకుని లేచాడు. "పద."

పశువుల షెడ్డుకు రేకుల కప్పు. లోపల అడుగుపెడితే మొహానికి సెగ కొట్టింది. గౌరి అనే చూడి ఆవు నాలుక బయటపెట్టి రొప్పుతోంది. చెన్నబసవయ్య శిష్యుడి చెయ్యి పట్టుకుని దాని డొక్కకు ఆనించాడు. చర్మం కాలిపోతోంది. మరుళయ్య చెయ్యి తియ్యబోయాడు.

"ఉండు నాయనా."

కాసేపటికి లోపల్నుంచి ఏదో మెత్తగా తన్నింది.

"దూడ!" అన్నాడు మరుళయ్య, చిన్నపిల్లాడిలా నవ్వుతూ.

"మల్లె కడుపులో ఉన్న ఏడు దాని తల్లిని ఎక్కడ కట్టేశాం?"

అతని మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇక్కడే. నేనే కట్టేశాను."

మరుళయ్య గేటు దాకా వెళ్లి, బేరగాడికి చెంబెడు మజ్జిగ ఇచ్చి, రమ్మన్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి పంపేశాడు. తిరిగొస్తూ చెట్టు కింద మేస్తున్న మల్లె దగ్గర ఆగాడు. గంగడోలు నిమిరితే అది ఎప్పటిలాగే మెడ చాచి ఇచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని ఎన్నెన్ని మాటలన్నాడో గుర్తొచ్చింది. మెడకు మొహం ఆనించి కాసేపు అట్లాగే నిలబడిపోయాడు.

వచ్చి చూస్తే గురువుగారి చాప, దిండు కొట్టం బయట ఉన్నాయి. లోపల, గడ్డికప్పు నీడలో, గౌరి నిలబడి ఉంది. దాని రొప్పు కాస్త తగ్గింది. పెద్దాయన దాని వీపు మీద తడిపిన గోనెపట్టా కప్పుతున్నాడు.

మరుళయ్య కంగారుపడ్డాడు. "ఇదేమిటి అయ్యగారూ! ఈ వయసులో మీరు బయట ఉంటారా? ఈ ఎండకు తట్టుకోగలరా?"

చెన్నబసవయ్య పట్టా అంచు సర్దుతూ అన్నాడు.

"నేనెప్పుడో పుట్టేశాను కదరా."

మరుళయ్య చాప తీసి చెట్టునీడలో పరిచాడు. కొడవలి పట్టుకుని, షెడ్డు రేకుల మీద కప్పడానికి ఈతమట్టలు కోసుకురావడానికి వాగు గట్టు వైపు నడిచాడు.