బైరోడికి సూది

డాక్టర్ వేదవతమ్మను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేది కాదు. వినేది, చేతిలో పని మాత్రం ఆపేది కాదు. ఆమె దగ్గర పశువైద్యం నేర్చుకుంటున్న హిమజకు ఈ అలవాటు కొరుకుడుపడేది కాదు. ఆ ఏడు శివరాత్రి దాటినప్పటినుంచీ హిమజ అడుగుతున్నది ఒక్కటే. "మేడమ్, మనం కాపాడాల్సింది రేచుకుక్కల్ని. తిరుగుతున్నదేమో ఊరకుక్కల వెంట. రేచుకుక్కకు టీకా ఎప్పుడు వేస్తాం?"

రేచుకుక్కలంటే ఊరు విడిచి అడవి పట్టిన కుక్కలని కొందరు అనుకుంటారు. కాదు, ఆ జాతే వేరు. ఎర్రని ఒళ్ళు, నల్లని కుచ్చుతోక. ఈలవేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. నల్లమలలోని ఆ లోయలో వాటి గుంపు ఒక్కటే మిగిలింది. దాని పిల్లలు అప్పుడప్పుడే గుహలోంచి బయటికి వస్తున్నాయి. సరిగ్గా అదే సమయంలో పక్క గూడెంలో ఒక కుక్కకు డిస్టెంపర్ అనే అంటుజబ్బు సోకింది. కళ్ళనిండా పుసులు, దగ్గు, చివరికి కాళ్ళు కొట్టుకుంటూ చచ్చిపోయింది. ఆ జబ్బు లోయలోకి దిగితే ఇక ఈల వేసేది ఏదీ ఉండదు.

అందుకే ఇద్దరూ లోయ అంచునున్న చెంచుగూడేనికి వచ్చారు. కుక్కలన్నిటినీ తీసుకురమ్మని హిమజ ఇంటింటికీ చెప్పింది, వచ్చినవాటికల్లా సూది వేసింది. అన్నీ వచ్చినట్టేనా అని ఈదమ్మ అనే పెద్దావిడను అడిగితే, అన్నీ వచ్చాయంది. ఆమె అబద్ధమాడలేదు.

హిమజ పెట్టె సర్దేసింది. పెట్టెలో మంచు కరుగుతోంది, మందు వేడెక్కితే నీళ్ళతో సమానం. వేదవతమ్మ మాత్రం ఈదమ్మ గుడిసె నీడన కూర్చుని, ఆమె ఇచ్చిన అంబలి తాగుతూ, పొద్దున మీ ఇంట్లో ఎవరెవరు తిన్నారని అడిగింది. ఈదమ్మ వేళ్ళు మడిచింది. పెనిమిటి గురవయ్య, కోడలు, మనవరాలు, బైరోడు. గురవయ్యా బైరోడూ తేనెకు లోయలోకి పోయారు.

బైరోడు చిన్నకొడుకా అని హిమజ మర్యాదకు అడిగింది.

ఈదమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "కొడుకైతే నా మాట వింటాడా తల్లీ? వాడికి నాలుగు కాళ్ళు."

"మరి కుక్కలన్నీ వచ్చాయన్నావే అవ్వా?"

"బైరోడు కుక్కేందమ్మా? మా ఇంట్లో మడిసి. వాడి ముందర ఆ మాట అనేవు, అన్నం ముట్టడు."

ఇక హిమజ కూర్చోలేదు. పెట్టె మీద తడిపిన గోనెసంచి కప్పింది, నీడ జరిగినప్పుడల్లా పెట్టెనూ జరిపింది. లోయ దారిలో ఆకు కదిలితే లేచి వెళ్ళి చూసింది. ఆ బైరోడు పక్క గూడేనికి పోతుంటాడా అని అడిగింది. పోకేం, వాడికి అక్కడ చుట్టాలున్నారని ఈదమ్మ చెప్పింది. అది విని హిమజ మళ్ళీ లోయ దారి దాకా వెళ్ళి చూసొచ్చింది. వేదవతమ్మ కోడలితో కోళ్ళకు వచ్చే జబ్బుల గురించి మాట్లాడుతూ కూర్చుంది.

పొద్దు వాలే వేళకు గురవయ్య తేనెకుండతో వచ్చాడు. వెనక బైరోడు, మూతి ఇంకా తడిగానే ఉంది. మడుగు దగ్గర రేచుకుక్కలు కనిపించాయని, పిల్లల్నీ వెంటతెచ్చుకున్నాయని గురవయ్య వియ్యంకుల్ని కలిసొచ్చినవాడిలా చెప్పాడు. "అవి ఆ దరిన తాగినాయి. మావోడు ఈ దరిన తాగినాడు."

హిమజ పెట్టె మీది గోనెసంచి లాగేసింది.

వేదవతమ్మ బైరోడి కళ్ళు, ముక్కు, చిగుళ్ళు చూసింది. జ్వరం చూసింది, రొమ్ముకు చెవి ఆనించి వింది. ఈరోజుకు జబ్బు జాడ లేదంది. ఈరోజుకు అన్న మాట హిమజ చెవిలో పడింది. టీకా ఒంటికి పట్టేదాకా వాణ్ణి లోయలోకి తీసుకుపోవద్దని డాక్టరమ్మ చెబితే, బాలింతలా ఇంట్లో కూచోబెట్టమంటారా అని గురవయ్య సణిగాడు. తోడుగా నువ్వూ కూచో, తేనె ఎక్కడికీ పోదని ఈదమ్మ అంది.

హిమజ ఆఖరి సీసా తీసి చెంపకు ఆనించుకుంది. ఇంకా చల్లగానే ఉంది. లోయ వైపు చెవి పెట్టింది, ఏమీ వినపడలేదు. వేదవతమ్మ మందు సూదిలోకి ఎక్కించి, బైరోడి తడి మూతిని హిమజ చేతుల్లో పెట్టింది.

"రేచుకుక్కకు టీకా ఎప్పుడని కదా అడిగావు. గట్టిగా పట్టుకో."