పైపుకి వెనక కొస

"గేరుబాక్సు మూడోసారి దింపాను. ఇప్పుడూ కుదరకపోతే ఈ పనే మానేస్తా!" అంటూ జక్రయ్య వ్యాను కిందనుంచి బయటకొచ్చాడు. మొహమంతా గ్రీజు. ఏడుపొక్కటే తక్కువ.

వ్యాను కరుణమ్మగారిది. ఊళ్ళు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే నర్సు ఆవిడ. యాక్సిడెంటులో ఎడమకాలు పోయింది. ఇక క్లచ్ తొక్కలేదు. "గేర్లు వాటంతటవే మారే బాక్సు పెట్టివ్వండి బాబూ, లేకపోతే నేను ఇంట్లో కూర్చోవడమే" అంది. శనివారంలోగా బండి కదలకపోతే ఆ ఊళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారట.

ఆ డీజిల్ వ్యానుకు అలాంటి బాక్సు కంపెనీ చెయ్యలేదు. జక్రయ్య ఎక్కడో వెతికి ఓ పాత పెట్రోలు కారు బాక్సు పట్టుకొచ్చాడు. దాని బోల్టు కంతలు ఈ ఇంజనుకు కలవవు. మధ్యలో వేసే ఇనప ప్లేటు నేనే కోసిచ్చాను. పక్క షెడ్డులో లేతు మిషను నాది. వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. అయినా బండి నడవకపోయేసరికి మొదటి తిట్లు నా ప్లేటుకే పడ్డాయి!

బిగించి నడిపితే ఇంజను గోల పెడుతోంది గానీ రెండో గేరు దాటి మూడులోకి పోదు. జక్రయ్య ఇంజనుకు డీజిల్ పెంచాడు. పొగొచ్చింది. ఇంకా పెంచాడు. ఇంకా పొగొచ్చింది.

"కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరెందుకు మారదు? నాకేం అర్థం కావట్లేదు ఉస్తాద్."

ఉస్తాద్ అంటే మౌలాలిగారు. షెడ్డు ఆయనది. పదకొండేళ్ళుగా జక్రయ్యకు పని నేర్పుతున్నది ఆయనే. టీ గ్లాసు పక్కన పెట్టి, "బాక్సే మంచిది కాదేమో. పద, పాతసామాన్ల కొట్లో ఇచ్చి ఇంకోటి తెచ్చుకుందాం" అన్నాడు.

మా ఆటోనగర్‌లో బాక్సుకి గొలుసు చుట్టి, అందులో ఇనప పైపు దూర్చి, చెరో కొస భుజానికెత్తుకుని ఇద్దరు మోస్తారు. ముందు జక్రయ్య, వెనక ఉస్తాద్. ఎప్పుడూ అంతే. ఆ రోజు మాత్రం ఉస్తాద్ పోయి ముందు నిలబడ్డాడు.

"అదేంటి ఉస్తాద్?"

"ఇవాళ నువ్వు వెనక పట్టు."

పది అడుగులు వేశారో లేదో బాక్సు ఊగడం మొదలుపెట్టింది. జక్రయ్యవి పెద్ద అంగలు. ఉస్తాద్‌వి మోకాళ్ళ నొప్పుల అడుగులు. వెనకనుంచి పైపు తోస్తుంటే ఆయన తూలుతున్నాడు. బాక్సు వెనక్కి ఊగి జక్రయ్య తొడకి తగిలింది.

"అబ్బా! కొంచెం తొందరగా నడవండి ఉస్తాద్!"

"నడవలేను. గొలుసు వదులైందేమో చూడు."

"గట్టిగానే ఉంది."

"పైపు వంగిందా?"

"లేదే!"

"మరెందుకు ఊగుతోంది?"

ఉస్తాద్ మళ్ళీ కదిలాడు. ఈసారి జక్రయ్య ఆయన మడమలు చూసుకుంటూ చిన్నచిన్న అడుగులు వేశాడు. ఊగడం ఆగింది.

వీధి మలుపు దగ్గర చటుక్కున ఆగిపోయాడు. "ఉస్తాద్... వెనక్కి పోదాం."

షెడ్డుకొచ్చి బాక్సు మూత విప్పాడు. పెట్రోలు ఇంజను మహా జోరుగా తిరుగుతుంది. ఆ జోరు వచ్చాకే గేరు మార్చడం ఈ బాక్సుకి అలవాటు. డీజిల్ ఇంజను అంత జోరుగా తిరగనే తిరగదు. బాక్సు ఎదురుచూస్తూ కూర్చుంది, పాపం! గేరు ఎప్పుడు మారాలో చెప్పే స్ప్రింగు తీసేసి, తక్కువ జోరుకే గేరు మారేలా అంతకంటే మెత్తటిది వేశాడు. ఇంజనుకు పెంచిన డీజిల్ తగ్గించాడు.

శుక్రవారం పొద్దున కరుణమ్మగారు ఒక్క కుడికాలుతోనే బండి నడుపుకుంటూ వీధి చివరిదాకా పోయి వచ్చింది. మూడో గేరు పడినట్టే తెలియలేదు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడిశాయి.

జక్రయ్యకు మాత్రం ఇంకా తికమకగానే ఉంది.

"అది సరే ఉస్తాద్, పదకొండేళ్ళుగా ఇద్దరం మోస్తున్నాం. మనం మోసేటప్పుడు ఇన్నాళ్ళూ ఒక్క బాక్సూ ఊగలేదే?"

ఉస్తాద్ మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు.

"ఇన్నాళ్ళూ వెనక పరిగెత్తింది నేను కదరా."

సోమవారం షెడ్డుకి ఇంకో బాక్సు వచ్చింది. జక్రయ్య ఎవరూ చెప్పకుండానే పోయి పైపుకి వెనక కొసన నిలబడ్డాడు.