మంచు నోరు మూయించిన కుండ కథ

ఒకప్పుడు మంచు నోరు మూసుకుని కురిసేది కాదు.

ఒక్కో మంచురేకు మబ్బులోంచి బయల్దేరింది మొదలు నేల మీద పడేదాకా పక్క రేకుతో మాట్లాడుతూనే ఉండేది. "జరుగు." "నువ్వే జరుగు." "నేను ఆ కొండ మీద పడతాను." "నిన్నెవరు పిలిచారక్కడికి?" లక్షల రేకులు ఒక్కసారే ఇలా మాట్లాడుకునేవి. పెళ్లిలో రెండో బంతి కోసం నిలబడ్డ చుట్టాల గోల మీరు వినే ఉంటారు. దానికి పదింతలు అనుకోండి.

జపాన్ దేశంలో, ఉత్తరాన కొండల మధ్య, కురొదాని అని ఇరవై ఇళ్ళ పల్లె ఉండేది. ఆ పల్లె పైన ఉన్న కొండ మీద ఒక మంచుదయ్యం ఉండేది. పేరు ఫుబుకి.

"అది ఊదిందంటే మనిషి నిలువునా గడ్డకడతాడు. మా తాత అలాగే గడ్డకట్టాడు," అని ఊరిపెద్ద గొంజో చెబుతుండేవాడు. ఆ తాత నిజానికి సారా తాగి గడ్డివాములో పడుకున్నాడు. పొద్దున్నే లేచి, ఇంటికొచ్చి, ఇంకో పదకొండేళ్ళు బతికాడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా గొంజో చెప్పినప్పుడల్లా అందరూ భయపడేవాళ్ళు. చలికాలంలో వాళ్ళకి వేరే పని ఉండదు.

ఫుబుకి చూడ్డానికి భయంగా ఉండేమాట నిజమే. తాటిచెట్టంత కాకపోయినా తలుపు పట్టనంత పొడుగు. పాలిపోయిన ముఖం, నేల మీద ఈడ్చుకుపోయే జుట్టు. తొట్టి పక్కనుంచి నడిస్తే అందులో నీళ్ళు గడ్డకట్టేవి. కానీ ఆమె ఎవరినీ ఏమీ చేసి ఎరగదు. దారి తప్పిన నక్కపిల్లల్ని వాటి బొరియ దాకా దిగబెట్టి వచ్చేది. పిట్టల గూళ్ళలో మంచు చేరితే రెండు వేళ్ళతో తీసేసేది. ఆమెకున్న జబ్బు ఒక్కటే. కథల పిచ్చి.

కథలు కావాలంటే కురొదానిలో తోమె అవ్వ దగ్గరికే వెళ్ళాలి. పొలాలు మంచు కింద పడుకున్న రోజుల్లో ఊరంతా పగటిపూట అవ్వ ఇంట్లో చేరేది. గది మధ్యలో నేలలో కట్టిన పొయ్యి చుట్టూ కూర్చుని, గడ్డితో చెప్పులు అల్లుకుంటూ కథ వినేవాళ్ళు. అవ్వకి ఒక పట్టింపు ఉండేది. ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. ఆగిన కథని మర్నాడు మళ్ళీ మొదటినుంచే చెప్పాలి. "మధ్యలో తెగితే ముడేసి చెప్పడం నాకు చేతకాదు," అనేది.

అవ్వ కథలన్నిట్లో ఫుబుకికి కుండ కథ ఇష్టం. ఒక ముసలాయనకి మూడు కాళ్ళ ఇనప కుండ ఉంటుంది. ఆయన అందులో రోజూ ముల్లంగే వండుతాడు. నిన్నా ముల్లంగి, ఇవాళా ముల్లంగి. కుండకి విసుగొచ్చి, అలిగి, టకటకా నడుచుకుంటూ ఇల్లు వదిలి పోతుంది. కొండ దిగి ఏటి ఒడ్డుకు చేరి, ఒక కాలు పడవలో పెడుతుంది.

సరిగ్గా అక్కడికి మంచు వచ్చేది.

ఫుబుకి ఎక్కడికి వెళితే మంచు అక్కడికి రావాలి. అది దాని ఉద్యోగం. ఆమె కొండ దిగి అవ్వ ఇంటి వెనక గోడకి చెవి ఆనించి నిలబడేది. రేకులు మాత్రం ముందెవరు దిగాలని పైన తగువులాడుకుని అప్పుడు బయల్దేరేవి. ఆ ఆలస్యం కుండ పడవ దగ్గరికి చేరడానికి సరిపోయేది. ఆపైన అన్నీ కలిసి ఊరి మీద పడేవి. ఇక ఫుబుకికి కథ వినపడేది కాదు. వినపడినా లాభం లేదు. ఆ గోల చెవిన పడగానే లోపల గొంజో, "దయ్యం వస్తోంది," అనేవాడు. అని, అందరికంటే ముందు తనే ముల్లంగి ఊరగాయ పీపాలోకి దూకేవాడు. ఆయన భార్య హత్సు దుప్పటి కిందికి దూరేది. మిగతావాళ్ళు ఇళ్ళకి పరుగు. ఊఁ కొట్టే దిక్కు లేక కథ ఆగిపోయేది.

ఇలా ఏడు చలికాలాలు. ఏడు చలికాలాలుగా ఆ కుండ ఒక కాలు పడవలో, రెండు కాళ్ళు ఒడ్డున పెట్టి నిలబడే ఉంది.

"పడవ కదిలుంటుందా?" అని ఫుబుకి కొండ మీది తెల్ల కుందేలుని అడిగేది.

"కదిలితే కుండ పడేది. కదలకపోతే పడవవాడు తిట్టేవాడు. నాకేం తెలుసు? నేనేమన్నా కుండనా?" అనేది కుందేలు.

ఆ కుందేలే ఒకరోజు కింది నుంచి కబురు మోసుకొచ్చింది.

"రేపు ఒక్కసారి చెప్పి కుండ కథ మానేస్తుందట మీ అవ్వ."

"ఎందుకు?"

"ఏడేళ్ళుగా ముగింపు నోటికి రాలేదట. మరిచిపోయేలా ఉన్నానంది. సగం కథల ముసలమ్మ అని పేరు పడకముందే చాలిస్తానంది. హత్సు పక్కింటామెతో చెబుతుంటే విన్నాను. గుసగుసగానే చెప్పింది, నాలుగిళ్ళ అవతలికి వినపడేలా."

ఫుబుకి అక్కడే కూలబడింది. రేపు వినకపోతే ఆ కుండ ఏమైందో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలీదు. లేచి రేకులన్నిటినీ పిలిచింది.

"రేపు ఒక్కరోజు మాట్లాడకండి. మీకు దణ్ణం పెడతాను."

"సరే అక్కా," అన్నాయి లక్షల రేకులు ఒక్కసారిగా. కొండ అవతల రెండు దేవదారు చెట్లు విరిగిపడ్డాయి.

"ఇంతకీ ఎందుకక్కా?" అంది ఒక రేకు.

ఫుబుకి కుండ కథ చెప్పింది. ముల్లంగి, అలక, ఏరు, పడవలో ఒక కాలు. అక్కడ ఆగింది.

"తర్వాత?" అన్నాయి రేకులు.

"నాకూ తెలీదు. ఎప్పుడూ ఇక్కడికొచ్చేసరికి మీరొస్తారు."

రేకులు సిగ్గుపడ్డాయి. రేపు నోరు తెరిస్తే ఒట్టన్నాయి. అప్పుడు ఒక లావుపాటి రేకు, "కుండ మునిగిపోయి ఉంటుంది. ఇనుము కదా," అంది. "పడవలో ఉంటే ఇనుమైనా మునగదు," అంది ఇంకోటి. "నువ్వెప్పుడన్నా పడవెక్కావా?" "నువ్వెక్కావా?"

తెల్లారినా ఆ తగువు తెగలేదు.

మర్నాడు ఫుబుకి కొండ దిగింది. ఈసారి వెనక గోడ దగ్గర నిలబడలేదు. ముందు అరుగెక్కి, కాగితం అంటించిన తలుపుకే చెవి ఆనించింది. కాగితంలోంచైతే ఎంత గోలలోనైనా మాట వినపడుతుంది. ఎవరైనా తలుపు తీస్తే ఎదురుగా తనే ఉంటుంది. ఉంటే ఉండనీ అనుకుంది. లోపల కుండ అలిగింది, కొండ దిగింది, ఏటి ఒడ్డుకు చేరింది.

అప్పుడు రేకులు వచ్చాయి. మునిగిందని సగం, మునగలేదని సగం. అంత గోల ఆ లోయలో ఎన్నడూ ఎవరూ వినలేదు. గొంజో పీపాలో మెడ దాకా దిగి మూత లాక్కున్నాడు. హత్సు రెండు దుప్పట్లు కప్పుకుంది. మిగతావాళ్ళు ఎప్పుడు పోయారో తెలీదు, చెప్పులు మాత్రం మిగిలాయి.

"అవ్వా, నువ్వూ దాక్కో," అంది హత్సు దుప్పటి కిందనుంచి.

"ఆ మాట నా మోకాళ్ళకి చెప్పు," అంది అవ్వ. ఆవిడ పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. "కుండ ఒక కాలు పడవలో పెట్టింది. ఊఁ కొట్టేవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఎవరూ పలకలేదు.

"ఆఖరుసారి అడుగుతున్నాను. ఉంటే చెబుతాను. లేకపోతే ఈ కథ నాతోనే పోతుంది."

తలుపు బయట ఫుబుకి చెవి తీసి, ముఖం తలుపు వైపు తిప్పింది. నోరు విప్పితే తను ఉన్నట్టు తెలిసిపోతుంది. రేపు ఊరంతా కాగడాలు పట్టుకుని కొండెక్కుతుంది. విప్పకపోతే కుండ పోతుంది.

"ఊఁ," అంది ఫుబుకి.

తలుపు కాగితం మీద, ఆమె నోటికి ఎదురుగా, అరచేయంత మేర తెల్లగా మంచు పట్టింది. అవ్వ అది చూసింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, ఆ ఊపిరి ఎవరిదో ఆవిడకి తెలియకపోలేదు. కానీ ఇన్నేళ్ళలో అంత శ్రద్ధగా కొట్టిన ఊఁ ఆవిడ వినలేదు. గొంజో ఊఁలో సగం ఆవులింతే.

అవ్వ గొంతు సవరించుకుంది. "కుండ రెండో కాలు కూడా పడవలో పెట్టింది," అంది.

అప్పుడే తలుపు పక్కనుంచి దిగుతున్న లావుపాటి రేకు ఆ మాట విని గాల్లోనే ఆగిపోయింది.

"ఉష్. రెండో కాలు పెట్టిందట," అంది పై రేకుతో.

"రెండో కాలు పెట్టిందట," అంది అది దాని పైదానితో. కబురు అలా రేకు నుంచి రేకుకి పాకుతూ మబ్బు దాకా వెళ్ళింది. అది చేరినచోటల్లా నోళ్ళు మూతపడ్డాయి. మాటలన్నీ పైకి వెళ్ళిపోయి, వెనక నిశ్శబ్దం మిగిలింది. లోకంలో మొదటిసారి మంచు కిక్కురుమనలేదు.

పీపాలో గొంజోకి ఏమీ వినపడలేదు. "హత్సూ, నేను పోయానా?" అన్నాడు.

"పోతే ఇంత వాగవు. విను, కుండ పడవెక్కింది."

అవ్వ చెప్పుకుపోయింది. కుండ ఏరు దాటి, పట్నంలో ఒక షావుకారు ఇంటికి చేరింది. వాళ్ళు దాన్ని తోమి, తుడిచి, పట్టుదిండు మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా ఎంత బాగుందో అన్నారు. ముల్లంగి ఊసే లేదు. కానీ దాని కింద ఎవరూ మంట పెట్టలేదు. నెల గడిచేసరికి కుండ అడుగుదాకా చల్లబడిపోయింది.

"ఊఁ," అంది తలుపు. ఈసారి ఆ ఊఁ కాస్త వణికింది. చల్లగా ఒక్కతే కూర్చోవడం అంటే ఏమిటో ఫుబుకికి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఒకరోజు కుండ దిండు దిగి, వచ్చిన దారినే ఇంటికి నడిచింది. ముసలాయన గుమ్మంలో కూర్చుని, ఉన్న మూడు పళ్ళతో పచ్చి ముల్లంగి కొరుకుతున్నాడు. 'ఇంకో కుండ తెచ్చుకోలేకపోయావా?' అంది కుండ. 'నీ చోట ఇంకోదాన్ని పెట్టబుద్ధి కాలేదే,' అన్నాడు ముసలాయన. కుండ టకటకా లోపలికి నడిచింది. వెళ్ళి పొయ్యి మీద తన చోట్లో కూర్చుంది. ఆ పూట కూడా ముల్లంగే. కుండ దాన్ని వెన్నలా ఉడికించింది."

ఊఁ రాలేదు. బయట ఫుబుకి ఏడుస్తోంది. కన్నీటిచుక్కలు గడ్డకట్టి అరుగు మీద టపటపా రాలుతున్నాయి.

"గొంజో, తలుపు తియ్యి నాయనా," అంది అవ్వ.

గొంజో పీపా మూత ఎత్తి, ఆ ఇంట్లో ఇంకో గొంజో ఉన్నాడేమోనని చుట్టూ చూశాడు. ఈలోగా హత్సు లేచి తలుపు తీసింది. పొడుగ్గా, తెల్లగా ఫుబుకి నిలబడి ఉంది. ఆమె చుట్టూ లక్షల రేకులు గాల్లో ఆగి, లోపలికి తొంగిచూస్తున్నాయి.

"ఊదవు కదా?" అన్నాడు గొంజో.

"ఎందుకు ఊదాలి?" అంది ఫుబుకి.

గొంజో ఆలోచించాడు. యాభై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

"లోపలికి రా తల్లీ," అంది అవ్వ.

"కరిగిపోతాను అవ్వా."

"అయితే ఆ అరుగు మీదే కూర్చో. తలుపు తీసి ఉంచుతాం. ఎవరికీ ఏమీ కాదు. గొంజో కాస్త వణుకుతాడు, అంతే."

ఫుబుకి అరుగు మీద కూర్చుంది. పారిపోయినవాళ్ళు చెప్పుల కోసం వచ్చినట్టు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అప్పుడు లావుపాటి రేకు గుమ్మంలోకి జరిగి, చాలా చిన్న గొంతుతో, "అవ్వా, ఇంకో కథ," అంది.

"చెబుతాను. ఎవరైనా మాట్లాడారో, అక్కడే ఆపేస్తాను," అంది అవ్వ. అని కొత్త కథ ఎత్తుకుంది.

అప్పటినుంచే మంచు చప్పుడు లేకుండా కురుస్తోంది. ఏ ఇంట్లో ఏ కథ నడుస్తోందో తెలీదు కనుక ఏ ఊళ్ళోనూ నోరు మెదపదు. తిన్నగా వచ్చి నేల మీద పడిపోదు కూడా. కిటికీల ముందు అటూ ఇటూ తచ్చాడుతూ, వీలైనంత ఆలస్యంగా దిగుతుంది.