ఖాన్ తోడేలు మొదటి కాటు

అనగనగా ఒక మైదానం. అడవి అందామంటే అక్కడ చెట్టే లేదు పిల్లలూ, కంటికి ఆనినంత మేరా గడ్డే. చలికాలం వస్తే ఆ గడ్డి మీద మోకాలి లోతు మంచు. అక్కడి తోడేళ్లకు సారల్ అనే కుర్ర తోడేలు రాజు. వాళ్ల భాషలో రాజును ఖాన్ అంటారు.

ఆ తోడేళ్ల వేట చిత్రంగా ఉండేది. అవన్నీ జింకల మంద చుట్టూ దడిలా నిలబడి, మెల్లమెల్లగా దగ్గరికి జరిగేవి. ఖాన్ మొదటి కాటు వేసేదాకా ఎవరూ దూకకూడదు. దూకితే గుంపులోంచి వెళ్లగొట్టడమే. సారల్ తండ్రి తన సొంత తమ్ముణ్నే వెళ్లగొట్టాడు. అంత కచ్చితంగా ఉండబట్టే చలికాలమంతా పిల్లలకు తిండి దొరికేది.

తండ్రి పోయాక సారల్ ఖాన్ అయ్యాడు. అతని కింద ఇద్దరు దొరలు. తూర్పు తోడేళ్లకు ఖరా, పడమటి తోడేళ్లకు ఉలాన్. ఒకరంటే ఒకరికి పడదు.

ఆ ఏడు మొదటి వేటలో, ఖాన్ కదలకముందే ఖరా దూకి ఒక జింకను పట్టాడు. తోడేళ్లన్నీ సారల్ వైపు చూశాయి.

"వెళ్లగొట్టండి," అంది అతని భార్య నోమిన్ మెల్లగా.

"ఎలా? వాడి వెనకే తూర్పు తోడేళ్లన్నీ పోతాయి. రేపు ఉలాన్ నా మీదికొస్తే నాకు దిక్కెవరు?" అన్నాడు సారల్. తర్వాత గొంతు పెంచి, "ఖరాను దూకమన్నది నేనే," అని అందరికీ చెప్పాడు.

అది అబద్ధమని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. నాకైతే ఈ సారల్ మీద జాలి కన్నా కోపమే ఎక్కువ.

రెండో వేటలో ఉలాన్ దూకాడు. "ఖరాకో న్యాయం, నాకో న్యాయమా ప్రభూ?" అని ఎదురడిగాడు.

"నీకూ నేనే చెప్పాను కదా," అన్నాడు సారల్, నవ్వు తెచ్చిపెట్టుకుని. వెనక వరుసలో కొన్ని తోడేళ్లు మూతి తిప్పుకుని నవ్వుకున్నాయి.

మూడోది పెద్ద వేట. ఆకాశం నల్లబడింది, ఇవాళో రేపో మంచు పడేలా ఉంది. ఈ మాంసంతోనే చలికాలం గడవాలి. దడి లోపల లెక్కలేనన్ని జింకలు. ఈసారి ఖరా ఖాన్ వైపు చూడనే లేదు, ఉలాన్ వైపు చూశాడు. ఉలాన్ కూడా ఖరానే చూస్తున్నాడు. వాడికంటే ముందు నేనని ఇద్దరూ ఒక్కసారే దూకారు. వాళ్ల వెనకే వాళ్ల తోడేళ్లూ దూకాయి. దడికి రెండు పక్కలా కంతలు పడ్డాయి.

"ఆగండి, ఆగండి," అని సారల్ గొంతు చించుకున్నాడు. ఒక్క తోడేలూ తల తిప్పలేదు. దొరలిద్దరూ ఒకే జింక కోసం కొట్టుకుంటుంటే, మిగతా జింకలన్నీ ఆ కంతల్లోంచి పారిపోయాయి.

మంచు పడింది. దొరలు దొరికిన కాస్త తిండీ పట్టుకుని చెరో దిక్కుకు పోయారు. గుహలో సారల్, నోమిన్, ముగ్గురు పిల్లలు మిగిలారు. ఆకలికి పెద్దది పోయింది. నడిపిది పోయింది. చివరికి సారల్ సిగ్గు విడిచి ఖరా దగ్గరికి వెళ్లాడు.

"అయ్యో, ప్రభువులు అడగాలా?" అన్నాడు ఖరా తల వంచి. "ఇకనుంచి నేను చెప్పిందే మీరు ఖాన్ ఆజ్ఞగా ఊళ పెట్టండి. రోజూ ఒక ఎముక ఇస్తాను."

సారల్ ఒప్పుకున్నాడు. ఎముక తెచ్చి చిన్నదాని ముందు పెట్టాడు. దానికి కొరికే ఓపిక లేదు.

"నాన్నా, నువ్వు ఖాన్‌వి కదా. ఖరా అంటే నీకెందుకు భయం?" అని అడిగింది.

తెల్లారేసరికి అదీ పోయింది. నోమిన్ ఏడవలేదు, మొగుణ్ని తిట్టలేదు. పిల్లల్ని పూడ్చినచోట మంచులో పడుకుంది. మళ్లీ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే ఖరా వచ్చి ఎంతో వినయంగా వంగాడు. "ప్రభువుల దుఃఖం చూడలేకపోతున్నాం. ఉలాన్ ద్రోహి అని మైదానమంతా వినబడేలా ఊళ పెట్టండి," అన్నాడు.

సారల్ బండ మీదికెక్కి, చెప్పింది చెప్పినట్టు ఊళ పెట్టాడు.

నీతి: భయపడి ఇతరుల తప్పును తన ఆజ్ఞగా చెప్పుకున్న నాయకుడి మాటను తర్వాత ఎవరూ లెక్కచేయరు, దాని ఫలితం ముందుగా పసివాళ్లే అనుభవిస్తారు.