మైనం గీతలు

జావా దీవిలో రాజులున్న రోజులవి. వేడి మైనంతో గుడ్డ మీద బొమ్మలు గీసి, రంగులద్దే పోనియెం ఇంటికి కొత్వాలు ఊడిపడ్డాడు.

"రాజుగారు కట్టే బట్టల మీది అలల నమూనా ఇక మీ ఇళ్ళల్లో కనబడకూడదు! కనబడితే చెయ్యి తీయిస్తా!"

"చిత్తం దొరా," అంటూ పోనియెం, పక్కనే అలలు గీసి ఉన్న గుడ్డని మరిగే నీళ్ళలో పడేసింది. మైనం కరిగి అలలన్నీ మాయమయ్యాయి.

"ఎవరిదే అది?" అన్నాడు కొత్వాలు.

"రాజుగారి పట్టాభిషేకం బట్ట గీసే ఇల్లు ఇదొక్కటే దొరా."

కొత్వాలు ఉరికి నీళ్ళలోకి తొంగి చూశాడు. "ఎంత పని చేశావు తల్లీ! నా తల ఎగిరిపోతుంది! ఆజ్ఞా లేదు, గీజ్ఞా లేదు, మళ్ళీ గియ్యి!"

"ఆ మాట వీధిలో చాటించండి."

చాటించి, చెమటలు కక్కుతూ వచ్చాడు. పోనియెం పెట్టెలోంచి రాజుగారి బట్ట తీసి చేతిలో పెట్టింది.

"ఇందాక నీళ్ళలో పడింది మా కోడలు చెయ్యి కుదరాలని గీసుకున్నది దొరా."